వెతికేవారికి దొరికే దుకాణం: చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లకు సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్

ఉపోద్ఘాతం

చిన్న వ్యాపారానికి వెబ్‌సైట్ ఎలా తయారవుతుందో కిందటి పాఠంలో చదివారు. తయారైన వెబ్‌సైట్ కొనుగోలుదారుల కంట ఎలా పడుతుందన్నది ఈ పాఠం విషయం. గూగుల్, బింగ్ వంటి సెర్చ్ ఇంజిన్లలో ఎవరైనా ఒక వస్తువు కోసం వెతికినప్పుడు మన పేజీ వారికి కనిపించేలా దానిని సిద్ధం చేయడాన్ని సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్ అంటారు. క్లుప్తంగా ఎస్ఈఓ. డబ్బు కట్టి ప్రకటనగా కనిపించడం వేరు. ప్రకటనల పక్కన అవి ప్రకటనలన్న గుర్తు ఉంటుంది. మనం మాట్లాడుకునేది డబ్బుతో సంబంధం లేకుండా వచ్చే సహజ ఫలితాల గురించి.

ఒక సంగతి చెప్పి మొదలుపెడతాను. ఉద్యోగ విరమణ తరువాత సంప్రదింపు తరగతులు చెబుతున్న రోజుల్లో ఒక విద్యార్థి తన ఫోను తెచ్చి చూపించాడు. వాళ్ల కుటుంబానిది కొయ్యబొమ్మల వ్యాపారం. ముప్పై వేలు పెట్టి వెబ్‌సైట్ చేయించుకున్నారు. చూడటానికి ముచ్చటగానే ఉంది. ఏడాదిన్నర గడిచినా దాని ద్వారా వచ్చిన ఆర్డర్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో రెండు బంధువులవి. ఇంతలో ఇంకో సంస్థవారు ఫోను చేసి, నెలకు ఎనిమిది వేలు ఇస్తే మూడు నెలల్లో గూగుల్‌లో మొదటి స్థానం ఖాయం అన్నారట. "కట్టమంటారా సార్?" అని అడిగాడు.

నేను ఆ పేజీలోని ఒక వాక్యం మీద వేలు పెట్టి నొక్కి పట్టుకున్నాను. మామూలుగా అయితే ఆ మాట నీలి రంగులో ఎంపిక కావాలి. కాలేదు. ఇంకోచోట నొక్కాను, అక్కడా కాలేదు. దుకాణం పేరు, బొమ్మల వివరాలు, ధరలు, చిరునామా అన్నీ కలిపి ఒకే పెద్ద చిత్రం! పండక్కి అచ్చువేయించిన కరపత్రాన్ని అలాగే తెచ్చి వెబ్‌సైట్‌లో అతికించారు. మనిషి కంటికి అక్కడ అక్షరాలున్నాయి. యంత్రానికి అక్కడ ఉన్నది ఒక బొమ్మ మాత్రమే.

నెలకు ఎనిమిది వేల మాట తరువాత చూద్దాం. ముందు ఆ యంత్రం ఏమి చదువుతుందో, ఎలా చదువుతుందో తెలుసుకోవాలి.

సెర్చ్ ఇంజిన్ పనిచేసే తీరు

మీరు గూగుల్‌లో ఒక మాట కొట్టగానే అది ప్రపంచంలోని వెబ్‌సైట్లన్నీ అప్పటికప్పుడు తిరిగి వస్తుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. వెతకడం చాలా ముందే అయిపోయి ఉంటుంది. ఒక పేజీలో ఉన్న లింకు పట్టుకుని ఇంకో పేజీకి వెళుతూ పేజీలను సేకరించే ప్రోగ్రాములు నిరంతరం పనిచేస్తుంటాయి. ఈ పనిని క్రాలింగ్ అంటారు. తెచ్చిన పేజీలో ఏ మాటలున్నాయో చూసి పట్టికలో చేర్చుకోవడం ఇండెక్సింగ్. మీరు మాట కొట్టినప్పుడు ఆ పట్టికలోంచి సరిపోయే పేజీలను తీసి, ఏది ముందు ఏది వెనుక అని వరుస పెట్టడం ర్యాంకింగ్.

నేను గ్రంథాలయ శాస్త్రం బోధించినవాణ్ణి కాబట్టి నాకిది కొత్తగా అనిపించలేదు. లావుపాటి పుస్తకాల చివర పదసూచిక ఉంటుంది కదా, ఫలానా మాట ఫలానా పేజీల్లో ఉంది అని. ఇండెక్స్ అలాంటిదే, లెక్కకు అందని పేజీలకు వేసిన పదసూచిక అనుకోండి. దీనిని బట్టి ఒక విషయం తేలుతుంది. మీ పేజీలో లేని మాట పదసూచికలోకి ఎక్కదు. పేజీయే ఇండెక్స్‌లో లేకపోతే, అది ఎంత మంచిదైనా వరుసలోకి రాదు. గ్రంథాలయంలో తప్పు బీరువాలో పెట్టిన పుస్తకం ఉన్నా లేనట్టే.

మీ పేజీలు ఇండెక్స్‌లో ఉన్నాయో లేదో తెలుసుకోవడం చాలా సులువు. గూగుల్ వెతుకు పెట్టెలో ఇంగ్లీషులో సైట్ అని రాసి, కోలన్ గుర్తు పెట్టి, ఖాళీ వదలకుండా మీ వెబ్‌సైట్ చిరునామా కొట్టండి. గూగుల్ దగ్గర మీ సైట్‌కు చెందిన పేజీలు ఉంటే సాధారణంగా కనిపిస్తాయి. ఒక్కటీ రాకపోతే ఎక్కడో అడ్డు ఉండవచ్చు. ఆ అడ్డు తరచూ మన చేతులారా పెట్టుకున్నదే అయి ఉంటుంది. ఉదాహరణకు వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్ కింద రీడింగ్ అనే విభాగంలో, ఈ సైట్‌ను ఇండెక్స్ చేయవద్దని సెర్చ్ ఇంజిన్లకు చెప్పే చిన్న గడి ఒకటి ఉంది. సైట్ తయారవుతున్నప్పుడు దానికి టిక్ పెట్టి, పని పూర్తయ్యాక తీయడం మరచిపోతారు. దుకాణం తెరిచి, తలుపు మీద 'లోపలికి రావద్దు' అన్న పలక వదిలేసినట్టు.

జనం వెతికే మాటలు

ఇది ఈ పాఠంలో ముఖ్యభాగం. నిదానంగా చదవండి.

కొండపల్లి బొమ్మలు అమ్మే ఒక దుకాణాన్ని ఊహించుకుందాం. విజయవాడకు దగ్గరలోని కొండపల్లిలో తెల్ల పొనికి అనే తేలికైన కర్రతో ఈ బొమ్మలు చేస్తారు. భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతికి, ఆరిన తరువాత రంగులు వేస్తారు. అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, దశావతారాలు వీటిలో ప్రసిద్ధం. ఈ కళకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడా ఉంది. మన ఊహా దుకాణదారు తన మొదటి పేజీలో 'తరతరాల వారసత్వం, అద్భుత కళానైపుణ్యం, నాణ్యతకు మారుపేరు' అని రాయించాడనుకోండి. మాటలు గంభీరంగానే ఉన్నాయి. కానీ 'నాణ్యతకు మారుపేరు' అని గూగుల్‌లో కొట్టి బొమ్మ కొనుక్కునేవారు ఎవరు?

కొనేవారి మాటలు వేరు. 'కొండపల్లి బొమ్మల ధర', 'బొమ్మల కొలువుకు దశావతారాల సెట్', 'పెళ్లి రిటర్న్ గిఫ్టులు కొయ్యబొమ్మలు', 'కొండపల్లి బొమ్మలు అమెరికాకు పంపుతారా' అని వెతుకుతారు. ఇలా జనం వాడే మాటలను కీవర్డ్‌లు అంటారు. వీటిని కనిపెట్టడానికి ఖరీదైన సాధనాలు అవసరం లేదు. గూగుల్‌లో 'కొండపల్లి' అని సగం కొట్టి ఆగితే కింద సూచనలు వస్తాయి. అలాంటి మాటలను జనం నిజంగా వెతుకుతున్నారనడానికి అవే గుర్తు. అంతకంటే మంచి ఆధారం దుకాణంలోనే ఉంది. ఫోనులో, వాట్సాప్‌లో కొనుగోలుదారులు అడిగే ప్రశ్నలు ఒక నెలపాటు నోటు పుస్తకంలో వాళ్ల మాటల్లోనే రాసి పెట్టండి. 'ఎత్తు ఎంతండీ? తడిగుడ్డతో తుడిస్తే రంగు పోతుందా? పార్శిల్‌లో విరిగితే మారుస్తారా? చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే ఫరవాలేదా?' మీ పేజీలో ఉండవలసింది ఈ ప్రశ్నలకు జవాబులే. నెల తిరిగేసరికి ఏ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో కూడా తెలుస్తుంది.

తెలుగువారి విషయంలో ఇంకొక చిక్కుంది. మనం మాట్లాడేది తెలుగు, ఫోనులో కొట్టేది చాలాసార్లు ఇంగ్లీషు అక్షరాలు. బొమ్మలు అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు ఒకరు 'ఎమ్' ఒకటే వేస్తారు, ఒకరు రెండు. చివర 'యు' ఒకరు రాస్తారు, ఒకరు 'ఎల్' తరువాత 'ఏ' పెట్టి బొమ్మల అని ఆపుతారు. కొంతమంది బొమ్మలు అనే అనరు, కొండపల్లి టాయ్స్ అంటారు. తెలుగు లిపిలోనూ తేడాలున్నాయి: కొయ్యబొమ్మలు, చెక్కబొమ్మలు, కర్రబొమ్మలు. సెర్చ్ ఇంజిన్లు ఇలాంటి తేడాలను ఇప్పుడు చాలావరకు గుర్తుపడుతున్నాయి. అయినా పూర్తిగా వాటికే వదిలేయకుండా తెలుగులో ఒక పేజీ, ఇంగ్లీషులో ఒక పేజీ ఉంచండి. ఒకదాని నుంచి మరొకదానికి లింకు ఇవ్వండి. వాక్యంలో సహజంగా ఇమిడితే ఒకచోట కొయ్యబొమ్మలనీ, ఇంకోచోట చెక్కబొమ్మలనీ రాయండి. అంతేగాని రాయగలిగిన రూపాలన్నీ పేజీ అడుగున వరుసగా పేర్చి, తెల్ల కాగితం మీద తెల్ల సిరాలా కనిపించకుండా దాచే పని చేయకండి. ఇది పాత కిటుకు. గూగుల్ నియమాల ప్రకారం ఇది స్పామ్ కిందికి వస్తుంది.

తెలుగు పేజీ రాయించేటప్పుడు మరో జాగ్రత్త తీసుకోవాలి. డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ పాత పద్ధతి ఫాంట్లు వాడుకలో ఉన్నాయి. వాటిలో తెర మీద తెలుగు కనిపిస్తుంది, లోపల నిక్షిప్తమయ్యేవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. దానిని వెబ్‌సైట్‌లో పెడితే సెర్చ్ ఇంజిన్‌కు అర్థంలేని గీతలే కనిపిస్తాయి. యూనికోడ్‌లో ఉన్న తెలుగే యంత్రానికి తెలుగు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు లిపికి చోటు దొరికింది. మీ ఫోనులోని తెలుగు కీబోర్డుతో కొట్టేది యూనికోడే. కాబట్టి కరపత్రం ఫైలును అప్పగించి చేతులు దులుపుకోకండి. వివరాలను మళ్లీ యూనికోడ్‌లో టైపు చేయించండి.

పేజీని అమర్చడం

ప్రతి వెబ్‌పేజీకి ఒక శీర్షిక ఉంటుంది, దానిని టైటిల్ ట్యాగ్ అంటారు. ఫలితాల్లో పెద్ద అక్షరాలతో, నొక్కడానికి వీలుగా సాధారణంగా కనిపించేది ఇదే. చిన్న సైట్లలో చాలావాటికి మొదటి పేజీ టైటిల్ ఒట్టి 'హోమ్' అని ఉంటుంది! 'కొండపల్లి దశావతారాల సెట్ – 10 బొమ్మలు, బొమ్మల కొలువుకు' అని రాస్తే మనిషికీ యంత్రానికీ ఒకేసారి అర్థమవుతుంది. ఇన్ని అక్షరాలే ఉండాలన్న నియమం లేదు. కానీ తెర వెడల్పుకు మించితే చివర కత్తిరించి చూపిస్తుంది కాబట్టి ముఖ్యమైన మాట ముందు రావాలి. ప్రతి పేజీకి దాని టైటిల్ దానికే ఉండాలి.

టైటిల్ కింద వచ్చే రెండు వరుసల వివరణను మెటా డిస్క్రిప్షన్ అంటారు. దీనివల్ల ర్యాంకు పెరగదు. చదివిన మనిషి మన లింకు నొక్కాలా వద్దా అని తేల్చుకోవడానికి పనికొస్తుంది. గూగుల్ ఒక్కోసారి దీనిని పక్కనపెట్టి పేజీలోంచే ఒక వాక్యం తీసి చూపిస్తుంది. మెటా కీవర్డ్స్ అని ఇంకొకటి ఉంది. వెబ్ ర్యాంకింగ్‌కు దానిని తాము వాడటం లేదని గూగుల్ 2009లోనే బహిరంగంగా చెప్పింది. ఇప్పటికీ కొన్ని సంస్థలు 'యాభై మెటా కీవర్డ్‌లు చేర్చాం' అని బిల్లులో రాస్తున్నాయి. అటువంటి పద్దు కనిపిస్తే డబ్బు కట్టే ముందు ప్రశ్నించండి.

బొమ్మలన్నీ ఒకే పేజీలో కుక్కడం కంటే ముఖ్యమైన ఒక్కో రకానికి ఒక్కో పేజీ ఉండటం మంచిది. అంబారీ ఏనుగు పేజీలో దాని ఎత్తు, బరువు, ధర, ఏ కర్ర, ఏ రంగులు, ఎన్ని రోజుల్లో చేరుతుంది అన్నవి వాక్యాల్లో ఉండాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు కొండపల్లి చరిత్రను ఎక్కడి నుంచో తెచ్చి యథాతథంగా అతికించడం. అదే పేరా ఇంకా ఎన్నో సైట్లలో ఉంటుంది. ఒకేలా ఉన్న పేజీల్లో సెర్చ్ ఇంజిన్ ఒకదానిని ఎంచుకుని తక్కినవాటిని పక్కన పెడుతుంది. ఎంచుకునేది మనదే కావాలని ఏముంది? మీ అంబారీ ఏనుగు ఎన్ని అంగుళాల ఎత్తో మాత్రం ఇంకెవరి సైట్‌లోనూ ఉండదు.

ఫొటోలు తప్పకుండా పెట్టండి, బొమ్మ చూడకుండా ఎవరు కొంటారు? అయితే ప్రతి ఫొటోకు ఆల్ట్ టెక్స్ట్ అనే చిన్న వివరణ జతచేయాలి: 'ఎరుపు, పసుపు రంగుల కొండపల్లి అంబారీ ఏనుగు' అన్నట్టు. చూపులేనివారు వాడే స్క్రీన్ రీడర్ దీనినే చదివి వినిపిస్తుంది. సెర్చ్ ఇంజిన్‌కు ఫొటో అర్థం కావడానికీ ఇది సాయపడుతుంది. ఫోనుతో తీసిన ఫొటో తరచూ నాలుగైదు ఎంబీలుంటుంది. దానిని కుదించకుండా పెడితే పేజీ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలమానం. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత సాధనంలో మీ చిరునామా ఇచ్చి పరీక్షించుకోవచ్చు. కంప్యూటర్‌లో కాదు, మొబైల్‌లో ఎలా ఉందో చూడండి. గూగుల్ ఇండెక్స్ చేసేటప్పుడు చూసేది మొబైల్‌లో కనిపించే రూపాన్నే.

దగ్గరలో వెతికేవారు

కొండపల్లి ఖిల్లా చూడటానికి వచ్చిన కుటుంబం కారులో కూర్చుని 'దగ్గరలో బొమ్మల షాపు' అని వెతుకుతుంది. అప్పుడు మొదట వచ్చేది మ్యాపు, దాని కింద కొన్ని దుకాణాలు. ఇందులో కనిపించాలంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కావాలి. దీనికి రుసుము లేదు. స్థానిక ఫలితాలను గూగుల్ ముఖ్యంగా మూడు విషయాలను బట్టి నిర్ణయిస్తుంది: అడిగినదానికి ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరున్నది. దూరం మన చేతిలో లేదు. సరైన వర్గం ఎంచుకోవడం, పని వేళలు, ఫోను నంబరు, ఫొటోలు సరిగా ఉంచడం మన చేతిలోని పనే. దుకాణం పేరు, చిరునామా వెబ్‌సైట్‌లో ఒక రకంగా, ప్రొఫైల్‌లో ఇంకో రకంగా ఉండకూడదు.

సమీక్షలు కొన్నవారిని అడిగి రాయించుకోవచ్చు. తగ్గింపు ఇస్తామని ఆశ చూపి రాయించడం, డబ్బిచ్చి కొనడం నిషిద్ధం. ఒకరు 'ఏనుగు తొండం విరిగి వచ్చింది' అని రాస్తే కోప్పడకుండా, ఏం చేశారో అక్కడే జవాబు రాయండి. దానిని తరువాతివాళ్లు చదువుతారు.

ఒక హెచ్చరిక. వెబ్‌సైట్ డొమైన్ పేరు, ఈ ప్రొఫైల్ రెండూ మీ సొంత ఈమెయిల్ ఖాతాతోనే నమోదు కావాలి. 'మేం చూసుకుంటాం' అని చేసిపెట్టినవారి పేరు మీద ఉంటే, వారితో మాట చెడిన రోజున దుకాణం బోర్డు వారి చేతిలో ఉంటుంది.

లింకులు, హామీలు

ర్యాంకింగ్‌కు వందల అంశాలు లెక్కలోకి వస్తాయి. వాటిలో మొదటినుంచీ ఉన్నది లింకు. 1998లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ తమ పద్ధతిని వివరిస్తూ ఒక పత్రం ప్రచురించారు. పరిశోధన వ్యాసాల్లో ఒకరిని ఎక్కువమంది ఉదహరిస్తే ఆ వ్యాసానికి విలువ పెరిగినట్టే, ఒక పేజీకి ఇతర పేజీల నుంచి లింకులుంటే, అందులోనూ విలువైన పేజీల నుంచి ఉంటే, దానికి ప్రాముఖ్యం ఎక్కువన్నది అందులోని ఆలోచన. దానికి పేజ్‌ర్యాంక్ అని పేరు. ఉదాహరణల లెక్కింపు మా గ్రంథాలయ శాస్త్రం వారి పాత సరుకే అని చెప్పుకోవడానికి నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది!

ఎప్పుడైతే లింకుకు విలువ వచ్చిందో, అప్పుడే లింకుల అంగడి కూడా వెలిసింది. వేలకొద్దీ పనికిరాని సైట్లలో మీ చిరునామా అతికించి 'ఐదువేల బ్యాక్‌లింకులు' అని అమ్ముతారు. 2012లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చి ఇటువంటి లింకులతో పైకెక్కిన సైట్లను కిందికి దించింది. నిజమైన లింకు వేరు. చేనేత, హస్తకళల ప్రదర్శనలో మీరు పాల్గొంటే నిర్వాహకుల పేజీలో మీ పేరుంటుంది. సంక్రాంతి బొమ్మల కొలువుకు బొమ్మలు తెప్పించుకున్న విదేశీ తెలుగు సంఘంవారు తమ పేజీలో మీ సైట్‌ను ప్రస్తావిస్తారు. అలాంటివి ఐదున్నా చాలు.

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు రావచ్చు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే రాసింది. సహజ ఫలితాల్లో స్థానం డబ్బుకు అమ్మరు. అందుకే 'కట్టవద్దు' అని చెప్పాను. హామీ లేకుండా, ఏ పేజీలో ఏ మార్పు చేస్తారో కాగితం మీద రాసి ఇచ్చేవారైతే అది వేరే సంగతి. అలాంటివారూ ఉన్నారు, వారి పనికి విలువుంది.

ఆ కుర్రవాడు తన సెలవు దినాల్లో కరపత్రం చిత్రాన్ని తీసేసి, పద్దెనిమిది రకాల బొమ్మలకు పద్దెనిమిది పేజీలు తానే తెలుగులో, ఇంగ్లీషులో టైపు చేశాడు. కొలతలు వాళ్ల నాన్న టేపుతో కొలిచి చెప్పారట.

ఫలితాన్ని కొలవడం

గూగుల్ సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సాధనంలో మీ సైట్‌ను నమోదు చేసుకోండి. ఏ మాటలకు మీ పేజీ ఎన్నిసార్లు ఫలితాల్లో కనిపించింది, ఎంతమంది నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది అన్నవి అందులో తెలుస్తాయి. ఎక్కువసార్లు కనిపించి ఎవరూ నొక్కకపోతే టైటిల్‌లో లోపం ఉందేమో చూడాలి. మీరు ఊహించని మాటకు పేజీ కనిపిస్తుంటే, ఆ మాట మీద ఇంకో పేజీ అవసరమేమో ఆలోచించాలి. తొందరపడకూడదు. మార్పులు చేసి ఫలితం చూడటానికి సాధారణంగా 4 నెలల నుంచి ఏడాది పడుతుందని గూగుల్ వారే చెప్పారు. కాబట్టి సంక్రాంతి కొలువుకు అమ్మదలచిన సెట్ల పేజీ డిసెంబరులో కాదు, వేసవిలోనే సిద్ధం కావాలి.

2024 నుంచి గూగుల్ ఫలితాల పైభాగాన కృత్రిమ మేధ కూర్చిన సంక్షిప్త సమాధానాన్ని కూడా చూపిస్తోంది. దానివల్ల కొన్ని రకాల ప్రశ్నలకు జనం లింకు నొక్కకుండానే వెళ్లిపోవచ్చు. కొండపల్లి ఎక్కడుందన్న ప్రశ్నకు అక్కడే జవాబు దొరుకుతుంది. పన్నెండు అంగుళాల అంబారీ ఏనుగు కావలసినవారు మాత్రం దుకాణం దాకా రావలసిందే.

చేసి చూడండి

మీ ఊళ్లో వెబ్‌సైట్ ఉన్న ఒక చిన్న వ్యాపారాన్ని ఎంచుకోండి: పచ్చళ్లు, చేనేత, నర్సరీ, ఏదైనా సరే. యజమాని అనుమతి తీసుకుని, పైన చెప్పిన సైట్ కోలన్ పద్ధతిలో ఎన్ని పేజీలు ఇండెక్స్‌లో కనిపిస్తున్నాయో చూడండి. మొదటి పేజీలోని మాటలు ఎంపిక అవుతున్నాయో లేదో వేలితో నొక్కి చూడండి. టైటిల్ ఏముందో రాసుకోండి. తరువాత యజమానిని 'ఈ వారం ఫోనులో మిమ్మల్ని ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఏమిటి?' అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబుగా రెండు వందల మాటల్లో ఒక పేజీ, దానికి ఒక టైటిల్ రాసి, సంప్రదింపు తరగతికి తీసుకురండి.